మోదుగువారిపాలెం తప్పించిన దారి

కనిగిరిలో శశిభూషణ్ మాస్టారిని దారి అడిగినవాడు తప్పిపోయే ప్రసక్తే లేదు. కాకపోతే కాస్త ఓపిక ఉండాలి. పోస్టాఫీసు ఎటండీ అంటే చాలు, ఆ వీధికి పాత పేరేమిటో, కోట మీద నుంచి చూస్తే అది ఎలా కనిపిస్తుందో, వానలకి ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో అన్నీ చెప్పి, ఆ తర్వాతగానీ "ఎడమకి తిరగండి" అనడు. ఉద్యోగమంతా జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో సోషల్ చెప్పాడు. ప్రపంచ పటం ముందు నిలబడి బెత్తం చివరతో నదుల్నీ కొండల్నీ చూపిస్తూ బతికిన మనిషికి రిటైరయ్యాక చూపించడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు సైకిలు పట్టుకున్నాడు.

మామూలు సైకిలు కాదు, గేర్లది. దానికి తోడు హెల్మెట్టు, చేతులకి తొడుగులు, ఒంటికి అతుక్కుపోయే చొక్కా, మోకాళ్ళ పైకి నిక్కరు. ఆయన భార్య సీతారత్నం మొదటి నెలంతా వీధిలో ఎవరూ లేరని తొంగిచూసి మరీ గుమ్మం దాటనిచ్చేది. "పురోహితులుగారి అబ్బాయి ఈ వేషంలో బయల్దేరాడని తెలిస్తే మీ నాన్నగారు ఏ లోకంలో ఉన్నా తల పట్టుకుంటారు" అనేది. ఆయన వినిపించుకోలేదు. ఊళ్ళో అలాంటివాళ్ళు ఇంకో పది మంది దాకా తయారయ్యారు. విత్తనాలూ పురుగుమందులూ అమ్మే కోటేష్, బ్యాంకులో ఆఫీసరుగా చేసే వేదశ్రీ వాళ్ళలో ముఖ్యులు. పొద్దున్నే పొదిలి రోడ్డు మీద బారులు తీరి తొక్కడం, ఎక్కడో ఇడ్లీ తిని వెనక్కి రావడం. ఏ దారిన వెళ్ళాలన్నా శశిభూషణ్ మాటే చెల్లేది. రూటు మాస్టారు అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకి ఎంత మోజంటే, పిలిచినప్పుడల్లా వినబడనట్టు నటించి రెండోసారి పిలిపించుకునేవాడు.

ఈ గుంపుకి సముద్రం దాకా తొక్కాలన్న కోరిక పుట్టింది. పుట్టకేం చేస్తుంది? ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకుని పెరిగిన మెట్ట ప్రాంతం జనం. అన్ని నీళ్ళు ఒక్కచోట ఉంటాయంటే సొంత కాళ్ళతో చేరుకోవాలని ఎవరికుండదు? కారులో అయితే పూట పని. అలా కాదు, మధ్యలో రెండు రాత్రులు ఆగుతూ, కనిగిరి ఎర్రనేల నుంచి పత్తీ మిరపా పండే నల్లరేగడిలోకి, అక్కడి నుంచి చీరాల ఇసుకలోకి దిగి, వాడరేవులో చక్రం తడపాలి. ఫిబ్రవరిలో రెండో శనివారం బయల్దేరి, సోమవారం సెలవు పెట్టుకోవాలని అనుకున్నారు. దారి గీసే పని ఇంకెవరిది, మాస్టారిదే.

ఆయన ఆ పనిని పెళ్ళికి ముహూర్తం పెట్టినంత నిష్ఠగా చేశాడు. స్కూటరు మీద తిరిగి, గాలి ఎక్కడ ఎదురు కొడుతుందో, మిరపకాయల ట్రాక్టర్లు ఎక్కడ అడ్డం తిరుగుతాయో, ఏ ఊళ్ళో నీళ్ళు ఉప్పగా ఉంటాయో చూసొచ్చాడు. ఫోనులో పటాలున్నాయి కదండీ అని ఎవరైనా అంటే, "ఫోనుకి ఎండ తెలుసా?" అని కొట్టిపారేసేవాడు. చివరికి పెద్ద చార్టు మీద దారంతా గీసి, కోటేష్ కొట్లో పత్తి విత్తనాల పెట్టెల మీద పరిచాడు.

అందరూ వంగి చూశారు. కనిగిరి, పొదిలి, దర్శి, అద్దంకి దాకా గీత బుద్ధిగా నడిచింది. అద్దంకి దాటాక తూర్పుగా ఇంకొల్లు వైపు పోవాల్సింది కాస్తా మేదరమెట్ల దిగి, హైవే ఎక్కి, మార్టూరు దాకా పాకి, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి తిరిగి ఇంకొల్లు చేరింది.

వేదశ్రీ అక్కడ వేలు పెట్టింది. "ఇదేంటి మాస్టారూ, దారికి పొట్ట వచ్చింది? అద్దంకి నుంచి ఇంకొల్లుకి తిన్నగా రోడ్డుంది కదా, మోదుగువారిపాలెం మీంచి."

"ఆ రోడ్డు బాగుండదమ్మా."

"హైవే మీద లారీల మధ్య తొక్కడం కంటేనా?"

శశిభూషణ్ చార్టు అంచు సర్దాడు. గోతులన్నాడు. కంకర తేలిందన్నాడు. అవేవీ చాలినట్టు కనబడకపోయేసరికి, నోరు జారి కాదు, తెలిసి తెలిసే ఇంకో మాట అనేశాడు. "ఆ ఊరివాళ్ళు మంచివాళ్ళు కాదమ్మా. పరాయి మనిషిని చేరనివ్వరు. ఆడపిల్లలతో పోతున్నాం, ఎందుకొచ్చిన గొడవ?"

ఆడపిల్లల మాట ఎత్తేసరికి కోటేష్ కూడా తలూపాడు. పొట్ట ఉన్న దారే ఖాయమైంది. ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటే శశిభూషణ్‌కి ముద్ద దిగలేదు. తనకి అన్నం పెట్టిన ఊరిని అంత మాట అని వచ్చాక ఎలా దిగుతుంది?

మోదుగువారిపాలెం ఆయన మొదటి ఉద్యోగం చేసిన ఊరు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ట్రంకు పెట్టె పట్టుకుని బస్సు దిగితే గది అద్దెకిచ్చేవాడు దొరకలేదు. బ్రాహ్మల కుర్రాడు మన ఇళ్ళల్లో ఎట్టా ఉంటాడని జనం జంకారు. బుల్లయ్య అనే రైతు మాత్రం తన ఇంటి వీధి గదిలో కుక్కిన పత్తి అంతా బయటికి తీయించి, "గది మీది మాస్టారూ. అద్దె మాటెత్తితే మళ్ళీ పత్తే పోస్తా" అన్నాడు. ఆయన భార్య హనుమాయమ్మ ఉల్లీ వెల్లుల్లీ తగలని గిన్నెలు రెండు వేరే తీసి పెట్టింది. శశిభూషణ్ ఆవిడని అక్కయ్యా అనేవాడు. నాలుగేళ్ళు ఆ గదిలో ఉన్నాడు. పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టినప్పుడు కనిగిరి నుంచి కన్నతల్లి వచ్చేలోపు హనుమాయమ్మ నేల ఉసిరి నూరి పోసింది. బుల్లయ్య మిరప కోతలు కూలీలకి వదిలేసి మంచం పక్కనే కూర్చున్నాడు.

బంగాళాఖాతం గురించి గొంతు చించుకుని పాఠం చెప్పే మాస్టారు అసలు సముద్రమే చూడలేదని ఒకరోజు బుల్లయ్యకి తెలిసింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ ఆదివారమే మాస్టారిని తన సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వాడరేవుకి తొక్కాడు. అలల్ని చూసి మాస్టారు నోరు తెరిస్తే, "ఇదేనంట సముద్రం. మీరు బళ్ళో చెప్పేది దీనికి సరిపోయిందా?" అన్నాడు. ఆయన హాస్యం అలాగే ఉండేది.

బదిలీ అయి వచ్చేసినా రాకపోకలు ఆగలేదు. ఏటా కళ్ళంలో కాయలు ఎండగానే మేలైనవి ఏరి ఒక సంచీ కనిగిరి పంపేవాళ్ళు. సీతారత్నం పెట్టే ఆవకాయలో కారం ఎప్పుడూ ఆ ఇంటిదే.

కిందటి శ్రావణంలో బుల్లయ్య తమ్ముడు పేరయ్య ఫోన్ చేశాడు. "అన్నకి ఆయాసం ఎక్కువైంది మాస్టారూ. మిమ్మల్ని చూడాలంటన్నాడు."

"రేపే వస్తున్నా" అన్నాడు శశిభూషణ్. అబద్ధం చెప్పాలని కాదు, ఆ క్షణాన నిజంగానే వెళ్దామనుకున్నాడు. అయితే మర్నాడు పొద్దున సైకిలు సంఘం ఆయనకి సన్మానం పెట్టింది. అరవై దాటినా అలుపెరగని రూటు మాస్టారు అని బ్యానరు కూడా కట్టారు. కప్పుతామన్న శాలువాని వద్దనగల మాస్టారు మన జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఒక్కరోజులో ఏమవుతుందిలే అనుకున్నాడు. ఆ మర్నాడు ఒళ్ళు నొప్పులు, ఆ తర్వాత వాన, ఆ తర్వాత ఇంకేదో. వారం తిరగకుండానే బుల్లయ్య పోయాడు.

ఆ కబురు కూడా ఇంటివాళ్ళు చెప్పలేదు. పాత తోటి మాస్టరొకాయన ఫోనులో మాటల మధ్య అంటే తెలిసింది. చావు కబురు కూడా చెప్పలేదంటే తన మీద ఎంత కోపం ఉండాలి అనుకున్నాడు శశిభూషణ్. చెప్పడానికి సిగ్గుచేటు గానీ, ఆ కోపం ఆయనకి మంచి సాకైంది. వాళ్ళే పిలవలేదు కదా అని చివరి చూపుకి వెళ్ళలేదు. పెద్దకర్మకీ వెళ్ళలేదు.

మన వైపు ఒక పద్ధతుంది. మనిషి పోయిన ఇంటికి ముందు పలకరింపుకి వెళ్ళాలి. అది కాకుండా శుభలేఖ ఇవ్వడానికి గానీ, అటు పోతూ పోతూ మంచినీళ్ళు అడగడానికి గానీ ఆ గడప తొక్కకూడదు. ఆ పలకరింపు ఆలస్యమైన కొద్దీ బరువెక్కుతుంది. పదో రోజున వెళితే ఏడిస్తే సరిపోతుంది. ఆరో నెలలో వెళితే ఎందుకు రాలేదో చెప్పాలి. శశిభూషణ్‌కి చెప్పడానికి శాలువా తప్ప ఏముంది? ఆ ఊరి మీదుగా పోయే బస్సు కూడా ఎక్కడం మానేశాడు.

"వెళ్ళండి. తిడతారు, పడండి" అని సీతారత్నం పోరుతూనే ఉంది.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్నది ఒక్క మొహమే కదండీ. దాంతోనే వెళ్ళండి."

చార్టు పరిచిన కొన్నాళ్ళకి కోటేష్ పొద్దున్నే ఇంటికి వచ్చాడు. వ్యాపారం పని మీద ఇంకొల్లు వెళ్ళి వస్తున్నాడట. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

"మిమ్మల్ని ఎవడో అడ్డంగా మోసం చేశాడు మాస్టారూ. ఆ మోదుగువారిపాలెం రోడ్డు బాలేదని ఎవడన్నాడండీ మీకు? కొత్తగా తారు పోశారు, నున్నగా ఉంది. ఆ ఊళ్ళోనే నా బండి పంచరైతే, కళ్ళంలో కాయలు ఏరే ఆడవాళ్ళు పని ఆపుకుని మజ్జిగ పోశారు. ఒకాయన బండి నెట్టుకుంటా మెకానిక్కు దాకా వచ్చాడు. మంచోళ్ళు కాదన్నారే, అంతకంటే మంచోళ్ళని చూపించండి చూద్దాం. అందుకే ఆదివారం మధ్యాహ్నం మన భోజనాలు అక్కడే, బడి వరండాలో. మాట్లాడేసొచ్చా."

శశిభూషణ్ కుర్చీలోంచి లేచాడు. "ఎవరితో మాట్లాడావు?"

"పేరయ్య అని, ఒక పెద్దాయనతో."

"నా పేరు గానీ చెప్పావా?"

"లేదండీ. కనిగిరి నుంచి సైకిళ్ళ మీద వస్తాం అన్నా, అంతే. ఏం?"

"ఏం లేదు, ఊరికే."

కాఫీ పట్టుకొచ్చిన సీతారత్నం గ్లాసు కోటేష్‌కి ఇచ్చి, మొగుడి వంక ఒక్క చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. మంచోళ్ళు కాదన్నారే అన్న మాట ఆవిడ చెవిన పడింది. ఆ చూపుకి తిట్టు తోడైతే బాగుండేదనిపించింది శశిభూషణ్‌కి.

జ్వరం వచ్చిందని ఇంట్లో పడుకుందామా అని ఆలోచించాడు. రూటు గీసినవాడే రాకపోతే నలుగురూ ఏమంటారోనన్న భయం దానికి అడ్డొచ్చింది. అంత తప్పు చేసి కూడా పేరు మీద ఆ మమకారం పోలేదు చూడండి. అందుకని ఇంకో ఉపాయం కట్టాడు. అందరికంటే వెనక ఉండాలి. హెల్మెట్టు, నల్ల కళ్ళద్దాలు ఎలాగూ ఉంటాయి, ముక్కు మీదుగా తువ్వాలు చుట్టుకోవాలి. మిగతావాళ్ళు బడి దగ్గర దిగుతుంటే తాను ఆగకుండా ఊరు దాటిపోయి కాలువ గట్టున కూర్చోవాలి. పొట్టలో బాగాలేదంటే సరిపోతుంది. దారులు గీయడంలో ఆయనకున్న తెలివంతా చివరికి ఒక ఊళ్ళోంచి దొంగలా ఎలా జారుకోవాలన్నదానికి ఖర్చయింది.

శనివారం బయల్దేరారు. సామాన్లు వేసుకుని ఇమాం హుస్సేన్ తన ట్రాలీ ఆటోలో వెనకే వచ్చాడు. ఆ రాత్రికి దర్శి. ఆదివారం పొద్దున అద్దంకి దగ్గర గుండ్లకమ్మ వంతెన మీద ఆగి అందరూ ఫోటోలు దిగారు. అక్కడి నుంచి నేల నల్లబడింది. పత్తి తీతలు అయిపోయిన చేలల్లో మోళ్ళు నిలబడి ఉన్నాయి. రోడ్డు పక్క కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోశారు. ఘాటుకి ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతుంటే శశిభూషణ్ మొహానికి తువ్వాలు చుట్టుకున్నాడు. ఎవరికీ అనుమానం రాలేదు. తను ఎంత బాగా ఆలోచించాడో అని ఒక్క క్షణం సంతోషం కూడా కలిగింది. వెంటనే సిగ్గేసింది.

మోదుగువారిపాలెం బడి ముందు పేరయ్య రోడ్డుకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. ఒక్కొక్క సైకిలునీ పట్టుకుని ఆపుతున్నాడు. "దిగండి, దిగండి. తినకుండా ఎవురినీ పోనిచ్చేది లేదు."

శశిభూషణ్ పక్కనుంచి తప్పించుకోబోతే హ్యాండిలు దొరకబుచ్చుకున్నాడు.

"నాకొద్దండీ, మీరు కానివ్వండి" అన్నాడు శశిభూషణ్, తువ్వాలు లోంచే.

పేరయ్య హ్యాండిలు వదల్లేదు. తల పక్కకి వంచి చూశాడు. "ఈ గొంతు నేనెరుగుదునే" అని, అడగను కూడా అడక్కుండా తువ్వాలు కిందికి లాగాడు.

"మాస్టారూ! మీరా?" ఆయన అరుపుకి అరుగుల మీద వాళ్ళు లేచారు. "గుండె ఆపరేషనైన మనిషి మీరు సైకిలెక్కడమేంటండీ? ఇంట్లో అమ్మగారు ఎట్టా పంపారు?"

వేదశ్రీ నీళ్ళ సీసాకి మూత పెట్టి ముందుకి వచ్చింది. "గుండె ఆపరేషనా? ఎవరికి?"

"ఈయనకేనమ్మా. మొన్న శ్రావణంలో గుంటూర్లో చేశారు. మా అన్న పోయేనాటికి ఈయన అక్కడ ఆస్పత్రి మంచం మీదున్నాడు. ఇంటే ఎక్కడ గుండె ఆగుద్దోనని చావు కబురు కూడా చెప్పలేదు మేము. ఫోన్ చేయొద్దని మా వదిన ఊరందరి చేతా ఒట్టేయించుకుంది."

శశిభూషణ్‌కి మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక సైకిలు దిగాడు. కోపమనుకున్నది కోపం కాదు. ఆరు నెలలు తాను సాకుగా వాడుకున్నది ఈ మనుషుల జాలి.

"పేరయ్యా, నాకసలు..." అని నోరు తెరిచాడు.

"మాస్టారూ!"

రోడ్డు అవతలి ఇంట్లోంచి హనుమాయమ్మ వస్తోంది. బాగా చిక్కిపోయింది. బొట్టు లేని నుదురు చూసి శశిభూషణ్ తల దించుకున్నాడు. ఆవిడ వస్తూనే మరిది మీద విరుచుకుపడింది. "మనిషిని ఎండలో నిలబెట్టి ఏందిరా పంచాయితీ? డాక్టర్లే తొక్కమన్నారంట సైకిలు, గుండెకి మంచిదని. మీరు రండి మాస్టారూ, లోపలికి రండి."

ఆవిడ వెనకే నడిచాడు. ఒకప్పుడు తాను ఉన్న వీధి గదిలోనే బుల్లయ్య ఫోటోకి దండ వేసి ఉంది. పచ్చకామెర్లతో పడుకున్న ఆ మంచం మీదే కూర్చోమంది. ఆయన కూర్చోలేకపోయాడు.

"అక్కయ్యా, నాకు ఏ జబ్బూ రాలేదు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"మా అమ్మాయి లక్ష్మీదుర్గ ఫోనులో మీ స్టేటస్ చూపించింది. శాలువా కప్పుకుని, దండేసుకుని నవ్వతా ఉన్నారు. ఎవురికీ చూపించొద్దని చెప్పా దానికి."

ఆ రోజు ఇంటికి రాగానే ఆ ఫోటో స్టేటస్‌లో తానే పెట్టుకున్నాడు. ఎవరెవరు చూశారో సాయంత్రం దాకా లెక్క చూసుకున్నాడు కూడా. ఆ పేర్లలో లక్ష్మీదుర్గ పేరున్నా ఆయన కంటికి ఆనలేదు.

హనుమాయమ్మ గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. "ఆయన అడిగేవాడు, మాస్టారొచ్చారా అని. రేపొస్తారన్నా. మర్నాడు మళ్ళీ అడిగాడు. రేపొస్తారన్నా. ఇంక ఎన్ని రేపులు చెప్పను? మాస్టారికి కుదర్లేదంట, ఫోటోలు దిగతన్నాడంట అని పోయే మనిషికి చెప్పమంటారా? అందుకని మీకు గుండె బాగాలేదు, గుంటూరు తీసకపోయారు అన్నా. ఆయనకి చెప్పాక ఊరికీ అదే చెప్పాలి గదా."

"నమ్మాడా?"

"నమ్మకేం. ఆ పూట నుంచి తన ఆయాసం సంగతే మర్చిపోయాడు. మాత్ర వేసుకోమంటే, ముందు మాస్టారికి ఎట్టుందో కనుక్కోండి అనేవాడు. గుంటూరు పోయి చూసి రమ్మని పేరయ్యని తరిమాడు, నేనే ఆపా. కోటప్పకొండకి మొక్కుకున్నాడు, మాస్టారు గట్టెక్కితే మెట్ల దారిన వస్తానని. తను పోలేకపోతే నన్ను పొమ్మన్నాడు. ఏడాది తిరక్కుండా కొండెక్కకూడదు గదా. వచ్చే శ్రావణం దాటాక పోవాల."

శశిభూషణ్ ఆవిడ కాళ్ళ వంక చూశాడు. ఆవిడ మోకాళ్ళ నొప్పులు ఆయనకి తెలుసు. గడప దాటడానికే తలుపు పట్టుకుంటుంది.

"నువ్వెందుకు ఎక్కాలి అక్కయ్యా? రాని జబ్బుకి! నేను ఎక్కుతాను."

"మీరెక్కితే చెల్లుద్దా? మొక్కింది ఆయన, అప్పజెప్పింది నాకు. జబ్బు నిజం కాకపోయినా మొక్కు నిజమే గదా మాస్టారూ."

శశిభూషణ్‌కి ఏడుపు వచ్చింది. ఈ ఇంటికి ఆరు నెలల ముందే వచ్చి ఏడవాల్సిన ఏడుపు. ఆవిడ చెంగుతో తన కళ్ళూ తుడుచుకుని, "మజ్జిగ తాగండి, బయట మీవాళ్ళు చూస్తుంటారు" అంది.

బయటికి వచ్చేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. వేదశ్రీ ఎదురొచ్చింది. ఆ పిల్ల కళ్ళల్లో కోపం, భయం రెండూ ఉన్నాయి. "వానలకి మనం తొక్కడం ఆపిన ఆ రెండు నెలల్లో మీరు చేసిందిదా? ఇంత పెద్ద సంగతి మా దగ్గర దాస్తారా మాస్టారూ? మధ్యలో ఏమన్నా అయితే? మీరింక సైకిలు ముట్టుకోవడానికి వీల్లేదు. ఆటో ఎక్కండి."

నిజం చెప్పడానికి ఒక్క ముక్క చాలు. నాకు ఆపరేషన్ కాలేదమ్మా అంటే సైకిలెక్కి దర్జాగా వాడరేవు పోవచ్చు. చెప్పేస్తే గుండెల మీద బరువు కూడా దిగుతుంది. దిగేది తనకి. ఆ బరువు మొత్తం వెళ్ళి గుమ్మంలో నిలబడ్డ హనుమాయమ్మ మీద పడుతుంది. పోయే మొగుడికి అబద్ధం చెప్పిందని, ఊరందరి చేతా వట్టి మాటకి ఒట్టు వేయించిందని నలుగురూ అనుకుంటారు. తన పరువు కాపాడటానికి ఆవిడ అల్లిన మాటని ఆవిడ ముఖం మీదే కొట్టి వెళ్ళడమా?

"ఆపరేషన్ గుంటూర్లోనే గదండీ చేసింది?" అని గుంపులోంచి ఎవరో అడిగారు.

"గుంటూర్లోనే" అన్నాడు శశిభూషణ్. తల ఎత్తకుండా అన్నాడు.

కోటేష్ సైకిలుని ఆటోలోకి ఎత్తి తాళ్ళతో కట్టాడు. మిగతావాళ్ళు భోజనాలు చేసి, ఆయన గీసిన చార్టు చూసుకుంటూ ఆయన లేకుండానే సముద్రం వైపు సాగిపోయారు. ఇమాం హుస్సేన్ ఆయన్ని తన పక్క సీట్లో కూర్చోబెట్టి, వీపు వెనక దిండు కూడా సర్ది, ఎక్కడ కుదుపు వస్తుందోనని నడక కంటే నెమ్మదిగా పోనిచ్చాడు.

ఊరు దాటేదాకా ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు లేచి నిలబడ్డారు. కళ్ళంలో కాయలు ఏరే ఆడవాళ్ళు కూడా చేతులు నుదుటికి అడ్డం పెట్టుకుని చూశారు. "ఒళ్ళు జాగర్త మాస్టారూ" అన్నారు. "బరువులెత్తబాకండి" అన్నారు. ఎందుకు రాలేదని ఒక్కరైనా అడుగుతారేమోనని ఆయన ప్రతి మొహంలోకీ చూశాడు. ఎవరూ అడగలేదు. అందరికీ పేరుపేరునా దణ్ణం పెట్టుకుంటూ పోయాడు.